సిస్టమ్ గారు చార్జి అప్పగించలేదు

కొండ్రేవులంక దగ్గర గోదారి ఎన్నడుగులు ఉందో గోదారికి తెలుసు, రేవులో పాతిన గేజి బద్దకు తెలుసు, ఆ బద్ద చూసే నూకరత్నానికి తెలుసు. అయితే ఈ ముగ్గురిలో ఎవరికీ పర్మినెంటు ఉద్యోగం లేదు కాబట్టి వాళ్ళ మాట చెల్లదని నదీమట్టాల నమోదు శాఖవారు రెండేళ్ళ కిందట తేల్చారు.

అంతకు ముందు నూకరత్నం రోజుకు మూడుసార్లు రేవులోకి దిగి, బద్ద మీది అంకె చూసి, పుస్తకంలో రాసుకుని, మొల్లేరు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేది. అలా పందొమ్మిదేళ్ళు చెప్పింది. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. ఆ తర్వాత శాఖకు ఆధునికత పట్టుకుంది. గేజి చూసేవాళ్ళందరి ఇళ్ళలోనూ తలా ఒక కంప్యూటర్ పెట్టించి, ఇక మీదట కంప్యూటర్‌లో ఎక్కిన నీరే నీరు, ఎక్కని నీరు నీరు కాదు అని ఉత్తర్వు వేశారు. నూకరత్నం ఇంట్లో అది ముందు గదిలో, బియ్యం డబ్బాకీ కుట్టుమిషనుకీ మధ్య కొలువు తీరింది.

ఇంతలో ఒక చిక్కొచ్చింది. ప్రభుత్వ రికార్డుకు బాధ్యుడైన అధికారి ఒకడుండాలి. నూకరత్నం దినసరి మనిషి. దినసరి మనిషి చేతిలో ప్రభుత్వ రికార్డు పెట్టడమా అని సూపరింటెండెంటు చయనులు గారు చెవులు మూసుకున్నారు. కొత్త పోస్టు అడిగితే పైనుంచి రాలేదు. చయనులు గారు మూడు రోజులు నియమావళి తిరగేసి, ఎవరికీ తట్టని మార్గం కనిపెట్టారు. కంప్యూటర్ లోపల ఉండి దాన్ని నడిపించే సిస్టమ్ ఉంది కదా, దాన్నే ఆ ఇంటి మటుకు 'నదీమట్టాల నమోదు అధికారి (యంత్ర)'గా నియమించేశారు. దానికి సర్వీసు రిజిస్టరు తెరిచారు. తండ్రి పేరు దగ్గర గీత పెట్టారు. పుట్టుమచ్చల దగ్గర 'తెర ఎడమ మూల సన్నని గీత' అని రాశారు. నూకరత్నాన్ని సిస్టమ్ గారికి సహాయకురాలిగా వేశారు. పొద్దున్నే సిస్టమ్ గారిని లేపడం, దుమ్ము దులపడం, అంకెలు అందించడం, సిస్టమ్ గారి అనుమతి లేకుండా కేంద్రం విడిచి వెళ్ళకుండా ఉండడం ఆమె విధులు.

"ఏమ్మా రత్నం, దొరగారు లేచారా?" అని పడవ నడిపే ఓలేటి నాగూరు రోజూ రేవులోంచి కేకేసేవాడు.

"లేచారు మావా, ఇంకా మొకం కడుక్కుంటన్నారు," అనేది నూకరత్నం.

జూలై మూడో వారం సోమవారం నాడు దొరగారు లేవలేదు.

ఆ పొద్దున ఆరింటికి ఏడడుగుల రెండంగుళాలని ఎక్కించింది. పది నిమిషాలకు కరెంటు పోయి వచ్చింది. తెర నీలంగా మారి, మారినట్టే ఉండిపోయింది. పైన ఎక్కడో వానలు దంచేస్తున్నాయి, ఏటి నీళ్ళు ఎర్రబడి నురగలు కడుతున్నాయి. నూకరత్నం మనసులో లెక్క వేసుకుంది. పన్నెండడుగులు దాటితే మొదటి హెచ్చరిక. ఆ హెచ్చరిక కంప్యూటర్‌లోంచి వెళ్తేనే మొల్లేరు షెడ్డులోని మూడు మోటారు పడవలూ బయటికొస్తాయి. పన్నెండున్నరకి లంకలో నూట నలబై ఇళ్ళలోకీ నీళ్ళొస్తాయి. అంటే మధ్యలో ఉన్నది ఆరంగుళాలు.

మొల్లేరులో కంప్యూటర్ సెంటర్ నడిపే సరోజినికి ఫోన్ చేస్తే, ఆ పిల్ల తొమ్మిదింటి పడవకే వచ్చేసింది. గంటసేపు మీటలు నొక్కి, చేతులు దులుపుకుని లేచింది.

"పిన్నీ, అన్ని రకాలుగానూ చూశాను. నీ అంతట నువ్వు బాగుచేసుకోమన్నాను, చేసుకోలేదు. మొన్నటి రోజుకి వెనక్కెళ్ళమన్నాను, వెళ్ళలేదు. ఆఖరికి రికవరీ కూడా ఫెయిలైపోయింది. లోపలున్న లెక్కలు ముందు పెన్‌డ్రైవులోకి తీసేసి, పాత సిస్టమ్ తుడిచేసి, కొత్తది ఎక్కించెయ్యాలి. నలబై నిమిషాల పని. ఎక్కించెయ్యనా?"

"అమ్మో, ఆపీసుని అడక్కుండా ముట్టుకుంటే నా మెడకి చుట్టుకుంటాదమ్మా. ఆయన ఆపీసరు. నేను దినసరి మనిషిని."

మధ్యాహ్నానికి ఇద్దరూ మొల్లేరు ఆఫీసులో నిలబడ్డారు. చయనులు గారు విన్నంతసేపు కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత బల్ల సొరుగులోంచి చార్జి రిజిస్టరు తీసి ముందు పెట్టుకున్నారు.

"ఇప్పుడు చార్జి తీసుకునేది ఎవరు?"

"కొత్త సిస్టమండి," అంది సరోజిని.

"ఎవరి దగ్గర్నుంచి?"

"పాతదాని దగ్గర్నుంచండి."

"పాతది అప్పగింత కాగితం మీద సంతకం పెడుతుందా?"

"అది లేవట్లేదండి అయ్యగారూ," అంది నూకరత్నం.

"నేను చెప్పేదీ అదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ శాఖలో ఉన్నాను. చార్జి అప్పగించకుండా కుర్చీ దిగినవాడు లేడు. దిగని వాడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నదీ లేదు. తుడిచేస్తానంటావేమిటమ్మాయ్? సర్వీసులో ఉన్న అధికారిని తుడిచేస్తారా ఎవరైనా?"

"నీరు ఎనిమిది దాటేసిందండి," అంది నూకరత్నం.

"ఎక్కడ దాటింది?"

"ఏట్లోనండి."

"ఏట్లో సంగతి కాదమ్మా, రికార్డులో ఎంత ఉంది?"

"రికార్డులో ఏడడుగుల రెండంగుళాలండి."

"మరి అలా చెప్పు."

పక్కగదిలోంచి డిప్యూటీ ఇంజినీరు ప్రభుదాసు గారు తలుపు ఓరగా తీసి, "ఏదైనా రూల్ పొజిషన్ ప్రకారం చూడండి చయనులు గారూ," అని మళ్ళీ వేసుకున్నారు. ఆయన ఏ విషయంలోనైనా ఇంతవరకే కలగజేసుకుంటారు. చయనులు గారు టైపిస్టును పిలిచి నోటీసు చెప్పారు.

"కొండ్రేవులంక నదీమట్టాల నమోదు అధికారి (యంత్ర) వారు సదరు సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషముల నుండి ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైరుహాజరై యున్నారు. అందుకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో ఇరువది నాలుగు గంటలలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

మంగళవారం ఆ నోటీసు జారీ చెయ్యడానికి చయనులు గారే స్వయంగా నాగూరు పడవెక్కి వచ్చారు. చేతిలో జిగురు సీసా. నోటీసు పుచ్చుకోని వాడి గుమ్మానికి అంటించాలి కాబట్టి, అంటించినట్టు పంచనామా రాయాలి కాబట్టి, వీధిలో దొరికిన అయిదుగురు పెద్దమనుషుల్ని లోపలికి పిలిచి బియ్యం డబ్బా పక్కన వరసగా నిలబెట్టారు. సిస్టమ్ గారికి గుమ్మం ఏదన్నది కాసేపు చర్చకొచ్చింది. కంప్యూటర్ పెట్టే గుమ్మమని తీర్మానించి దానికి అంటించారు. అప్పుడు ఆయన చూపు తెర మీద పడింది. శాఖవారు అన్నీ తెలుగులో పెట్టించారు కాబట్టి అక్కడున్నదీ తెలుగే.

'మీ కంప్యూటర్‌కు సమస్య ఎదురైంది. కొంత సమాచారం సేకరిస్తున్నాము. దయచేసి వేచి ఉండండి.'

చయనులు గారు మూడుసార్లు చదివారు. మొహం విప్పారింది.

"చూశారా, అప్పుడే సంజాయిషీ ఇచ్చేసింది. 'సమస్య ఎదురైంది' అంటే జరిగింది ఒప్పుకుంది. 'సమాచారం సేకరిస్తున్నాము' అంటే తన పక్షాన ఆధారాలు చూసుకుంటోంది. 'దయచేసి వేచి ఉండండి' అంటే గడువు అడిగింది. ఎంత మర్యాదగా అడిగిందో చూడండి."

"అది సంజాయిషీ కాదండి. పాడైపోయిందని చెప్పటమండి," అంది అదే పడవలో వచ్చిన సరోజిని. "ఏ సిస్టమ్ పాడైనా ఈ ముక్కే వస్తుందండి. ఎన్నాళ్ళున్నా ఈ ముక్కే ఉంటుందండి."

"అంటే మాట మార్చదన్నమాట. నిలకడ గల ఉద్యోగి," అన్నారు చయనులు గారు. ఆ ముక్క పంచనామాలో కూడా రాయించారు. ఆ మీద సహజ న్యాయ సూత్రాల ప్రకారం సిస్టమ్ గారికి మూడు రోజులు గడువు మంజూరు చేశారు.

"మూడు రోజులా అయ్యగారూ?" అంది నూకరత్నం. "నీరు తొమ్మిదిన్నర ఉందండి. పొద్దున్నే తమరు కాలెట్టిన మెట్టు ఇప్పుడు ములిగిపోయిందండి, వచ్చి చూడండి."

"గడువు అడిగిన ఉద్యోగికి గడువు ఇవ్వకపోతే రేపు కోర్టులో మనం నిలబడలేమమ్మా."

"మరి నాకు జొరమొచ్చి అడిగితే ఒక్క పూట ఇవ్వలేదు కదండి. మా అమ్మ పోయిన రోజున కూడా మూడుసార్లూ ఏట్లోకి దిగాను కదండి."

చయనులు గారికి కోపం రాలేదు. పాపం, తెలియక అడిగిందనుకున్నారు. "నువ్వు సర్వీసులో లేవు కదమ్మా," అని నెమ్మదిగా చెప్పారు.

ఆయన్ను పడవ ఎక్కించడానికి నాగూరు మోకాలి లోతు నీళ్ళలో దిగి చెయ్యందించాల్సి వచ్చింది.

ఆఫీసుకు తిరిగి వెళ్ళాక చయనులు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. గడువు మూడు రోజులైనా కుర్చీ ఖాళీగా ఉండరాదు. ఎవరికైనా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించాలి. ఇరవై మైళ్ళ అవతల చినగొల్లమెరక లాకుల దగ్గర ఇంకో కంప్యూటర్ ఉంది. క్రమశిక్షణ గల సిస్టమ్, ఒక్కరోజు సెలవు పెట్టలేదు. కొండ్రేవులంక బాధ్యతలు దానికి కట్టబెట్టారు. ఆ లాకులు మూసి ఉన్న కాలవవి. ఏటా ఆ లాకులు తీసేదాకా అక్కడ నీళ్ళు మూడడుగులే, కదలవు. బుధవారం పొద్దున్నుంచీ అది తన మూడడుగుల్నీ రెండు చోట్లా రాయడం మొదలుపెట్టింది.

జిల్లాలో ఆ పొద్దున పెద్ద సమీక్ష జరిగింది. చుట్టుపక్కల ప్రతి కేంద్రంలోనూ ఏరు పెరుగుతోంది, ఒక్క కొండ్రేవులంకలో మాత్రం రెండు రోజుల్లో నాలుగడుగుల రెండంగుళాలు తగ్గింది. పైవాళ్ళు ముక్కున వేలేసుకుని, వరదను ఇంత సమర్థంగా అదుపు చేసిన ప్రభుదాసు గారిని అభినందించి, ఏ పద్ధతిలో తగ్గించారో మిగతావాళ్ళ కోసం ఒక నోట్ పంపమన్నారు. ఆఫీసువాళ్ళు ఆయనకు బంతిపూల దండ వేసి, శాలువా కప్పి, చెక్కతో చేసిన పడవబొమ్మ ఒకటి జ్ఞాపికగా ఇచ్చారు.

ఆ దండ మెళ్ళో ఉండగానే నూకరత్నం సరోజినిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

"అయ్యా, పదకొండు ఉందండి. రేపటికి పన్నెండు దాటేత్తాదండి. ఈపాటికే పడవలు పంపకపోతే ముసలోళ్ళూ పసోళ్ళూ గొడ్లూ ఎలా దాటతారండి?"

ప్రభుదాసు గారు దండ సర్దుకుని చయనులు గారి వైపు చూశారు.

"రికార్డులో మూడడుగులుంది," అన్నారు చయనులు గారు. "మూడడుగుల నీళ్ళలో మోటారు పడవ దింపితే అడుగు గీసుకుపోతుంది. అది ప్రభుత్వ ఆస్తి. గీసుకుపోతే సమాధానం చెప్పేది నువ్వా?"

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ గదిలో చేతులు కట్టుకునే నిలబడింది. ఇప్పుడు కట్టుకున్న చేతులు విప్పి, ఏం చెయ్యాలో తెలియక కొంగు బిగించి దోపుకుంది. గుమ్మం దాటాక సరోజినితో, "ఈళ్ళని అడగడం ఇదే ఆఖరు," అంది.

గురువారం తెల్లారేసరికి పదకొండడుగుల తొమ్మిదంగుళాలు. నూకరత్నం పెట్టెలోంచి ఎర్ర చీర తీసి, రేవులో గడకర్రకు కట్టి ఎగరేసింది. ఫోన్లు లేని రోజుల్లో లంకలో అదే హెచ్చరిక. పెద్దవాళ్ళు చూడగానే పోల్చుకుని వీధుల్లో పడ్డారు. నాగూరు తన పడవతో పాటు చుట్టాల పడవలు పది పోగేసుకొచ్చాడు. ముందు బాలింతలు, తర్వాత ముసలివాళ్ళు, తర్వాత దూడలు, మేకలు. ఎవరు ఏ పడవలో ఎక్కాలో నూకరత్నం రేవులో నిలబడి కేకలేసి చెబుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం మూడు గంటలకి నూట నలబై ఇళ్ళూ ఏటిగట్టు మీదికి చేరాయి. అప్పటికి పన్నెండడుగుల మూడంగుళాలు.

"ఇంక నువ్వే మిగిలావే, రా," అన్నాడు నాగూరు.

"ఒక్క నిమిషం మావా. ఆపీసర్ని అడిగి రావాలి."

ఇంట్లోకి వెళ్ళింది. కరెంటు పోయినా శాఖవారిచ్చిన బ్యాటరీ మీద తెర వెలుగుతూనే ఉంది. పెట్టెకి అంటించిన నోటీసు కింది అంచు కిటికీలోంచి కొట్టిన వానజల్లుకి తడిసింది. నూకరత్నం గేజి పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకుని, తెర ముందు నిలబడింది.

"అయ్యా, ఊరంతా దాటేసిందండి. నేనూ ఎల్లొత్తానండి."

'దయచేసి వేచి ఉండండి,' అంది తెర.

"తమరు వేచి ఉండండి. నాకు పడవెల్లిపోతంది," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం పదింటికి, గట్టు మీద టార్పాలిన్ కింద గంజి కాస్తుంటే ఆమె ఫోన్ మోగింది. చయనులు గారు. ఎప్పుడూ లేనిది గొంతు సన్నంగా ఉంది.

"నూకరత్నం... ఏరు ఎంత ఉందమ్మా?"

"రికార్డులోనాండి, ఏట్లోనాండి?"

అవతల నీళ్ళు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఏట్లో," అన్నారు చయనులు గారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆ మాట అడగడం ఆయనకు అదే మొదలు.

"పదమూడున్నరండి."

"ఆఫీసులోకి వచ్చేసిందమ్మా. నేనూ డీఈ ప్రభుదాసు గారూ బీరువా మీద ఉన్నాం. షెడ్డు తాళాలు కింద సొరుగులో ఉండిపోయాయి. ఏదైనా పడవ..."

"మూడడుగులకి పడవ దింపితే అడుగు గీసుకుపోద్దేమోనండి," అంది నూకరత్నం. అని ఊరుకోలేక, ఫోన్ పెట్టేసి, "మావా, పాపం బీరువా మీద కూకున్నారంట. ఎళ్ళి దింపి తీసుకురా," అని నాగూరుని పంపింది. మధ్యాహ్నానికి చయనులు గారు నెత్తి మీద చార్జి రిజిస్టరుతో, ప్రభుదాసు గారు ఒళ్ళో చెక్క పడవతో గట్టుకు చేరారు. నూకరత్నం ఇద్దరికీ గంజి పోసింది.

వరద తీశాక మూడు కాగితాలొచ్చాయి.

మొదటిది లంకకు. వరద బాధితుల బియ్యం గురించి. వరద రోజుల్లో కొండ్రేవులంకలో ఏరు మూడడుగులకు మించలేదని రికార్డులు తెలియజేయుచున్నందున, సదరు ఇళ్ళు ఏ కారణం చేత తడిసినవో తెలియరానందున, బియ్యం ఇవ్వ వీలు కాదు అని అందులో ఉంది.

రెండోది సిస్టమ్ గారి గురించి. కంప్యూటర్ నాలుగు రోజులు నీళ్ళలో నాని బురదలో దొరికింది. గడువులో ఉండగానే, విధి నిర్వహణలో అసువులు బాసినట్టు ప్రకటించి, ఆఫీసులో రెండు నిమిషాలు మౌనం పాటించారు. పోయినవాళ్ళు చార్జి అప్పగించనక్కర్లేదని నియమావళిలో ఉంది. అంచేత కొత్త పెట్టె తెప్పించి, కొత్త సిస్టమ్ ఎక్కించుకోవచ్చని అనుమతి ఇచ్చారు.

సరోజిని వచ్చి ఎక్కించింది. ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.

"ఇంత పనికా పిన్నీ!" అని ఆ పిల్ల తల కొట్టుకుంది.

నూకరత్నం ప్లాస్టిక్ సంచి విప్పి గేజి పుస్తకం తీసింది. సోమవారం మధ్యాహ్నం ఎనిమిది. మంగళవారం తొమ్మిదిన్నర. బుధవారం పదకొండు. ఒక్కొక్కటే తేదీ వేసి ఎక్కిస్తూ శుక్రవారం పదమూడున్నర దాకా వచ్చింది. అరగంటకల్లా చయనులు గారి ఫోన్.

"ఏవమ్మా, పోయిన వారం నీళ్ళు ఇప్పుడు వచ్చాయేమిటి?"

"నేనేటి చెయ్యనండి, సిస్టమ్ గారు ఎక్కించుకున్నారండి. కంప్యూటర్‌లో ఎక్కిన నీరే నీరని తమరే అన్నారు కదండి."

చయనులు గారు కాదనలేకపోయారు. ఉత్తర్వు ఆయన రాసిందే. పది రోజులకి లంకకు బియ్యం బస్తాలొచ్చాయి. నాగూరు వాటిని పడవలోంచి మోసుకొస్తూ ఎర్ర చీర కట్టిన గడకర్రకు దణ్ణం పెట్టాడు.

మూడో కాగితం నూకరత్నానికి. విపత్తు సమయమున తమ పై అధికారిని ఒంటరిగా విడిచి, అనుమతి లేకుండా కేంద్రం వదలిపోయి, తద్వారా సదరు అధికారి మునకకు కారకురాలైనందున, తమను ఏల తొలగించరాదో ఇరువది నాలుగు గంటలలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

నూకరత్నం దాన్ని రెండుసార్లు పైకి చదువుకుంది. సరోజినికి కళ్ళ నీళ్ళొచ్చాయి. "ఇంత చేస్తే ఇదా పిన్నీ? నేను రాసిస్తాను ఉండు, కడిగేస్తాను వాళ్ళని."

"ఎందుకమ్మా, నేనే రాత్తాను."

తెల్లకాగితం ఒకటి తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టి, నాగూరు చేత ఆఫీసుకు పంపించింది.

చయనులు గారు కవరు చింపి చూశారు. 'దయచేసి వేచి ఉండండి' అని ఉంది. ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. బీరువాలోంచి పాత ఫైలు తీయించి, తడిసిన పంచనామా విప్పదీసి, తను రాయించిన ముక్కలు తనే చదువుకున్నారు. ఇదే సంజాయిషీ, ఇదే మాట, అప్పుడు తీసుకున్న నిర్ణయం కింద తన సంతకమే. ఆయన నిట్టూర్చి, సహజ న్యాయ సూత్రాల ప్రకారం అని మొదలుపెట్టి, మూడు రోజులు గడువు మంజూరు చేశారు.

ఇరవై ఒక్క ఏళ్ళలో శాఖవారు నూకరత్నానికి ఇచ్చిన మొదటి సెలవు అదే. ఆమె ఆ మూడు రోజులూ రోజుకు మూడుసార్లు రేవులోకి దిగింది. మొదటి రోజు పొద్దున ఎనిమిదడుగుల ఒక అంగుళం ఉంది. ముందు పుస్తకంలో రాసుకుంది.